డ్రైవర్ వైపు జిప్పు

కిరాయి కారుకు ఎవడూ కవరు కప్పడు. సికింద్రాబాద్ స్టేషన్ ముందు స్టాండులో ఏ డ్రైవర్‌ను అడిగినా ఇదే చెబుతాడు. చీకటితో తీసి చీకటి పడ్డాక పెట్టే బండి, దాని మీద దుమ్ము కూర్చునే తీరిక ఎక్కడిది? కవరు కప్పిన బండి అంటే స్టాండులో ఒకటే అర్థం: వీడి పని అయిపోయింది, వీడి నంబరు పక్కవాడికి ఇచ్చేయండి. అందుకే జ్వరమొచ్చి వారం పడుకున్నవాడు సైతం బండిని ఎండకు మాడనిస్తాడు గాని గుడ్డ కప్పడు.

ఓంప్రకాశ్ కారు మూడు నెలలుగా మల్కాజ్‌గిరి గల్లీలో అట్లాగే మాడుతోంది, నానుతోంది. పై అంతస్తు వాళ్ల ఏసీ నీళ్లు దాని టాపు మీదే కారతాయి. కరెంటు తీగ మీది పావురాలకు వేరే చోటు దొరకలేదు. ఆయన భార్య సుకన్య రోజూ పొద్దున తుడుస్తుంది. ఆయన కిటికీ దగ్గర కూర్చుని "ఎనక అద్దం ఇడిచిపెట్టినవ్" అంటాడు. ఆయన చూపు ఇప్పుడు అంత దూరం ఆనదు. అయినా అంటాడు.

ఆ ఆదివారం కవరు మాట ఎత్తింది ఆయనే.

"వానలు గట్టిగ పడుతున్నయ్. రాణిగంజ్ పోయి ఒక కవర్ పట్కరా. ప్లాస్టిక్‌ది, సస్తాది చాలు. రెండు నెలలకే గద. దీపావళికి నేను మళ్ల ఎక్కుతా."

"స్టాండుల నవ్వరా?"

"నవ్వనియ్. స్టాండుల నంబర్లు రాసే దయాకర్‌గానికి ఫోన్ చేసి చెప్పిన, నా నంబర్ ముట్టుకుంటే తంత అని."

సుకన్య తల ఊపింది. రెండు కిడ్నీలూ పూర్తిగా పోయాయనీ, వారానికి మూడుసార్లు డయాలసిస్ బతికినన్నాళ్లూ తప్పదనీ, కళ్ల లోపల రక్తం చిమ్మిందనీ, ఈయన ఇక స్టీరింగ్ ముట్టుకోకూడదనీ డాక్టరు ఆమెను వరండాలోకి పిలిచి చెప్పి మూడు నెలలైంది. "ఆయనకు మెల్లగా మీరే చెప్పండి" అని లోపలికి పోయాడు. ఇట్లాంటివి చెప్పే పని ఎప్పుడూ ఇంటివాళ్ల నెత్తినే పడుతుంది. ఆమె చెప్పలేదు. ఇంకో పది సిట్టింగులైతే కిడ్నీ లేస్తుందని ఓంప్రకాశ్ తనకు తానే అనుకుంటే, ఆమె కాదనలేదు.

ఆ కిడ్నీలు ఊరికే పోలేదు. పదకొండేళ్లు ఆయన బేగంపేట ఆఫీసులకు మనుషుల్ని మోశాడు. అద్దాల బిల్డింగు ముందు గంటలకు గంటలు ఆగాలి. లోపల టాయిలెట్‌కు పోతానంటే సెక్యూరిటీవాడు గేటు దగ్గరే ఆపుతాడు. గోడ పక్కన నిలబడితే ఫోటో తీస్తారు. బండి వదిలి దూరం పోతే ట్రిప్పు ఇంకొకడికి పోతుంది. స్టాండులో అందరూ ఏం చేస్తారో ఆయనా అదే చేశాడు: నీళ్లు తాగడం మానేశాడు. పొద్దున ఒక చాయ్, మధ్యాహ్నం ఇంకో చాయ్, అంతే. ఎవడు ఎక్కువసేపు ఆపుకుంటాడని డ్రైవర్లు పందెం కట్టేవాళ్లు. ఓంప్రకాశే గెలిచేవాడు, గెలిచి కాలర్ ఎగరేసేవాడు. బీపీ పెరిగింది, కాళ్లు వాచాయి, ఒకరోజు స్టీరింగ్ మీదే తల వాలింది. మనిషిని లోపలి నుంచి ఎండబెట్టే దాన్ని ఈ నగరంలో ఉపాధి అంటున్నారు.

మర్నాడు సుకన్య రాణిగంజ్ పోయింది. కార్ల కవర్లు కుట్టే దుకాణం జెరెమియాది. తిరుమలగిరిలో మిలిటరీ లారీలకు టార్పాలిన్లు కుట్టి కుట్టి వేళ్లు వంకరపోయిన మనిషి. అరవై దాటాయి. మిషను మీంచి తల ఎత్తకుండానే అడిగాడు.

"ఏం బండమ్మా?"

"డిజైర్, పెద్దన్నా. ప్లాస్టిక్ కవర్ కావాలె, సస్తాది."

"అగో, ఆడ ఏలాడుతున్నయ్. తీస్కపో. కానీ యాడ కొన్నవంటే నా పేరు చెప్పకు."

"ఏం, మంచిగుండదా?"

"పైన వాన, లోపల చెమట. బండికి సుత ఊపిరాడాలె గద. ఒక్క వానకాలంల పెయింట్ బుడగలు లేస్తది. ఎండొస్తే కవర్ పెళుసై పటపట చినుగుతది. రెండు నెలలకైతే నడుస్తది. ఎంతకాలం నిలబెడ్తరు?"

"రెండు నెలలు" అంది సుకన్య. ఇంట్లో రోజూ అంటున్నదే, నోటికి అలవాటైంది.

"సొంత బండా?"

"కిరాయి బండి. మా ఆయన నడుపుతడు."

మిషను ఆగింది. జెరెమియా కళ్లద్దాలు పైకి నెట్టి ఆమెను చూశాడు.

"కిరాయి బండికి కవరా? ఇరవై ఏండ్లల స్టాండోడు ఒక్కడే వచ్చిండు నా దగ్గరికి. ఆడు సుత ఆళ్లన్న సచ్చినంక వచ్చిండు."

"మా ఆయన బతికే ఉన్నడు" సుకన్య గొంతు గల్లీకి వినబడింది.

"తప్పనుకోకు చెల్లె. నా నోరు మంచిది కాదు. ప్రతి ఆదివారం చర్చికి పోతవ్, నోరు మాత్రం ఇంట్లనే పెట్టి పోతవా అంటది మా ఇంటిది రోసమ్మ." ఆయన లేచి, అర నుంచి బూడిదరంగు బట్ట చుట్ట దించి బల్ల మీద పరిచాడు. "చూడు. మూడు పొరలు. పైన నీళ్లాగుతయ్. నడుమ పొర ఆవిరిని బయటికి ఇడుస్తది. లోపల మెత్తటిది, గీతలు పడయ్. ఐదారేండ్లు నిలబడ్డా బండికేం కాదు. పట్టుకొని చూడు."

ఆమె పట్టుకుని చూసింది. దుప్పటంత మందంగా ఉంది.

"ఇంకొకటి చెప్పు. డ్రైవర్ వైపు జిప్పు పెట్టాల్నా?"

"జిప్పెందుకు?"

"కవర్ మొత్తం తియ్యకుండ డోర్ తీస్కొని లోపల కూసునేటందుకు. వారానికోసారి స్టార్ట్ చేసేటోళ్లకు పెడత. కానీ ఎంత మంచి జిప్పేసినా ఆ కుట్టుల నుంచి నీళ్లు దిగుతయ్. ఎవలూ కూసోరంటే వొద్దే వొద్దు. చెప్పు, మీ ఆయన కూసుంటడా?"

సుకన్య బట్ట అంచును వేళ్లకు చుట్టింది, విప్పింది. మళ్లీ చుట్టింది. తల్లి ఫోనులో అడిగితే బాగున్నాడంది. తమ్ముడు ఇంటికొచ్చి అడిగితే తగ్గుతోందంది. ఇక్కడ ఈ వంకర వేళ్ల మనిషి అడుగుతున్నది ఆరోగ్యం గురించి కాదు, జిప్పు గురించి. దానికి అబద్ధం చెబితే కారులోకి నీళ్లు పోతాయి.

"కూసోడు పెద్దన్నా" అంది. "ఇగ నడపడు. ఎప్పటికీ నడపడు."

మూడు నెలల్లో ఆ మాట బయటికి రావడం అదే మొదలు. జెరెమియా అయ్యో అనలేదు. సుద్దముక్కతో బట్ట మీద గీత గీశాడు.

"అయితే జిప్పు వొద్దు."

"పెట్టు."

"నీళ్లు దిగుతయంటున్న గద తల్లీ."

"దిగనియ్. ఆయన చూస్తడు, కూసుంటననుకుంటడు. జిప్పు పెట్టు."

ఆయన డోరు వచ్చే చోట సుద్దతో ఇంకో గీత గీశాడు.

గురువారం కవరు వచ్చింది. ఆ రోజు ఆసుపత్రి లేదు గనుక ఓంప్రకాశ్ గోడ పట్టుకుని గల్లీలోకి దిగాడు. నా బండికి నేనే కప్పుతానన్నాడు. రెండుసార్లు విసిరేసరికి ఆయాసమొచ్చి, చేతులు బట్ట మీద ఆన్చి నిలబడ్డాడు. ఆ చేతులు అక్కడే ఆగిపోయాయి. అంచు తీసి బొటనవేలితో నలిపి చూశాడు.

"ప్లాస్టిక్ కాదేంది ఇది?"

"ప్లాస్టిక్‌ది పెయింట్ ఖరాబ్ చేస్తదన్నడు దుకాణమాయన."

"రెండు నెలలల్ల పెయింటేం ఖరాబైతది? ఇది ఏండ్లకు కుట్టిన బట్ట." డోరు మీదుగా తడుముతూ పోయి జిప్పు దగ్గర ఆగాడు. సగం తీశాడు. "జిప్పెందుకు?"

"నువ్వు వారానికోసారి కూసుంటవని."

"పెట్టాల్నా వొద్దా అని ఆయన అడిగిండా?"

"అడిగిండు."

"ఏం చెప్పినవ్?"

ఏదో ఒకటి అల్లి చెప్పవచ్చు. మూడు నెలలు అదే పని చేసింది. కాని ఒకసారి బయట అనేసిన మాటను మళ్లీ మింగడం ఆమెకు చేతకాలేదు.

"ఇగ నడపడని చెప్పిన."

ఎదురింటి భవాని మెట్ల మీద బియ్యం చెరుగుతూ అరిచింది. "ఏందిరో ఓంప్రకాశ్, బండికి కొత్త అంగీ కుట్టిచ్చినవా? మాకెవ్వలు కుట్టిస్తరు?"

"సలి పెడుతున్నదన్నది అత్తా!" ఓంప్రకాశ్ పెద్దగా నవ్వాడు. భవాని చేట తీసుకుని లోపలికి పోయేదాకా ఆ నవ్వు ముఖాన అట్లాగే పట్టుకుని నిలబడ్డాడు. తర్వాత మెల్లగా అడిగాడు.

"ఎప్పటిసంది తెలుసు?"

"జూన్ సంది."

"నాకు చెప్పలే. రాణిగంజ్‌ల బట్టలు కుట్టెటోనికి చెప్పినవ్."

"ఆయన అడిగిండు, చెప్పిన. నువ్వు ఒక్కనాడన్న అడిగినవా?"

ఓంప్రకాశ్ కారు వైపు తిరిగాడు. జిప్పు తీసిన చోట చేయి లోపలికి పోనిచ్చి డోరు పిడి పట్టుకున్నాడు. లాగలేదు.

"అడిగితే చెప్తవని భయం" అన్నాడు. "అందుకే అడగలే."

సుకన్యకు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియలేదు. ఆయన చేయి బయటికి తీసుకుని జిప్పు చివరిదాకా మూశాడు. బట్టకు రెండు పక్కలా తాళ్లున్నాయి, బండి కిందినుంచి దూర్చి కట్టాలి. ఆయన వంగబోయి ఆగాడు, నడుము పట్టేసింది. ఆమె బురదలో మోకాళ్ల మీద కూర్చుని తాడు అటువైపుకు విసిరింది. అటు తిరిగి వెళ్లి ముడి వేసింది.

"వదులుగున్నది" అన్నాడు ఆయన, తాడు తడిమి చూసి. "గాలికి లేస్తది. ఇప్పి మళ్ల కట్టు."

ఆమె విప్పింది. వాన మొదలైంది. ఆయన పైకి పోలేదు, తాడు రెండో కొస పట్టుకుని ఆమె మళ్లీ కట్టేదాకా అక్కడే నిలబడ్డాడు.