గుండక్క ఎక్కిన పడవ

పొద్దున్నే టీ గ్లాసు అందించే ముందు అమ్మ కూతురి మొహం చూసేది. మొహం బాగుంటే పేము కుర్చీ వేసేది, బాగోకపోతే ఇనప స్టూలు జరిపేది. కోపమొస్తే బరువెక్కడం ఆ అమ్మాయికి చిన్నప్పటి నుంచీ ఉన్నదే. మామూలుగా యాభై ఎనిమిది కిలోలు. విసుగొస్తే డెబ్బై. అంతకు మించిన కోపానికి ఇంట్లో రెండు మంచాలు విరిగాయి. వీధిలో అందరూ గుండక్క అనేవాళ్ళు. మొదట్లో ఆ పిలుపుకీ ఓ రెండు కిలోలు పెరిగేది, తర్వాత అలవాటైపోయింది.

మూడు నెలలుగా పేము కుర్చీ గోడ మేకుకే వేలాడుతోంది. కారణం తమ్ముడు.

సరస్సు ఒడ్డున వాళ్ళది పడవ ఇంజన్లు బాగుచేసే షెడ్డు. ఎక్కడో గుద్దుకుని నుజ్జయిన కారులోంచి గుండక్క ఒక రోటరీ ఇంజను విప్పి తెచ్చింది. అందులో పైకీ కిందకీ కొట్టుకునే పిస్టన్లుండవు, మూడు మూలల రోటర్లు గిరగిరా తిరుగుతాయి. చూడ్డానికి చిన్నది, బలం మాత్రం ఇంతా అంతా కాదు. దాన్ని పడవ వెనక తగిలించి రేసుకు దింపాలని ఆమె పంతం. కారులో ఆ ఇంజను పడుకుని పనిచేస్తుంది, పడవ వెనక నిలబడి పనిచేయాలి. నిలబెడితే ఆయిలంతా కిందికి దిగిపోయి పై బేరింగు ఎండి పట్టేస్తుంది. అలా మూడు బేరింగులు మాడాయి. చివరికి ఆయిలుకి విడిగా డబ్బా పెట్టి, కింద చేరినదాన్ని లాగి పైకి పంపే పంపు అమర్చింది. రెండేళ్ళు పట్టింది. ఆ రెండేళ్ళలో తమ్ముడు చేసిందల్లా టార్చి పట్టుకోవడం, అదీ దిక్కులు చూస్తూ.

ఇంజను మొదటిసారి పలికిన రోజు పేపరువాళ్ళొచ్చారు. మర్నాడు అరపేజీ ఫొటో. తమ్ముడు, చేతిలో స్పానరు. ‘సొంత చేతులతో నిలబెట్టిన ఇంజను’ అని కింద రాశారు. గుండక్క ఊసే లేదు.

"వాళ్ళే అలా రాసుకున్నారక్కా, నేనేం చెప్పలేదు," అన్నాడు తమ్ముడు.

"‘నేను కాదు, అక్క’ అని కూడా చెప్పలేదుగా," అంది. ఆ పూట షెడ్డు మెట్టు రెండు ముక్కలైంది.

పైగా రేసులో నడిపేది కూడా తమ్ముడేనని ఇంట్లో తేల్చేశారు. "నీకు ఏ క్షణాన కోపమొస్తుందో తెలీదు. పడవ మునిగిపోతే?" అంది అమ్మ. కోపం తెప్పించేదీ వీళ్ళే, వస్తుందని వంక పెట్టేదీ వీళ్ళే. ఎవరికైనా ఒళ్ళు మండదా?

"బరువంతా వెనకుంది, పడవ ముక్కు తేలిక. ఫుల్లుగా తిప్పకు," అని అయినా గుండక్క తమ్ముడికి చెప్పింది. వాడు నవ్వాడు. ట్రయల్లో ఫుల్లుగా తిప్పాడు. ముక్కు గాల్లోకి లేచి పడవ వెనక్కి పల్టీ కొట్టింది. తమ్ముడికి భుజం ఎముక విరిగింది, ఇంజన్లోకి నీళ్ళు పోయాయి. మళ్ళీ మొత్తం విప్పి తుడిచి బిగించింది ఎవరో చెప్పక్కర్లేదు.

"ముక్కులో బరువు పెట్టొచ్చా?" అని రేసు కమిటీ సెక్రటరీని అడిగింది.

"విడి బరువులు కుదరవండీ. నడిపేవాళ్ళ ఒంటి బరువే లెక్క."

"అది ఎంతుండాలి?"

"కనీసం ఇంతుండాలని ఉంది. ఇంతకు మించకూడదని లేదు."

రేసు రోజు తమ్ముడి బదులు తనే కాటా ఎక్కింది. నూట పధ్నాలుగు కిలోలు. సెక్రటరీ రాసుకుని సంతకం పెట్టించుకున్నాడు. సీటు మూరెడు ముందుకి జరిపించి కూర్చుంటే, పడవ ముక్కు బుద్ధిగా నీళ్ళకు ఆనింది.

అప్పుడొచ్చాడు తమ్ముడు, చెయ్యి మెడకు కట్టుకుని. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నిజంగానే ఏడ్చాడు.

"అక్కా, ఆ పేపరు విషయం... తప్పు నాదే. ఆ రోజే..."

పడవ ముక్కు రెండు వేళ్ళు పైకి లేచింది.

"నోరు ముయ్యి," అంది గుండక్క. "చంపుతావా ఏంటి నన్ను? దిగాక చెప్పు."

కానీ విన్న మాట వినకుండా పోతుందా? ముక్కు ఇంకో వేలు లేచింది. అమ్మ చూసింది. జీవితమంతా "కోపం తగ్గించుకోవే" అన్న మనిషి పడవ పక్కనే గొంతుక్కూర్చుని, మెల్లగా మొదలుపెట్టింది.

"నీ పదో ఏట నీ సైకిలు పోయిందన్నాను, గుర్తుందా? పోలేదు. వాడు అడిగాడని రంగు మార్పించి వాడికిచ్చాను." ఆగింది. "నిన్ను చదువు మానిపించమని మీ నాన్నకు చెప్పింది కూడా నేనే. షెడ్డులో చెయ్యి సాయానికి."

గుండక్క అమ్మను చూసింది. ముక్కు దిగింది, ఇంకా దిగింది, నీళ్ళు అంచుదాకా వచ్చి ఆగాయి.

తిన్నని దారిలో మిగతావాళ్ళంతా పల్టీ భయంతో వేగం తగ్గించారు. ఆమె తగ్గించలేదు. నిలబెట్టిన ఇంజను గొంతు చించుకుని అరుస్తుంటే, దానికంటే గట్టిగా తనూ అరిచింది. ముక్కు లేవలేదు. రెండు పడవల ఎడంతో గెలిచింది.

ఒడ్డున తమ్ముడు దాచుకున్న మాటంతా చెప్పాడు. అమ్మ కూతురి చెయ్యి పట్టుకుంది. గుండక్క వదిలించుకోలేదు. కాళ్ళ కింద రేవు బల్లలు కిర్రుమనడం ఆగింది.

మర్నాడు పొద్దున అమ్మ పేము కుర్చీ దించి దుమ్ము దులిపి వేసింది. గుండక్క కూర్చుంది, టీ అందుకుంది, పేపరు తిప్పింది. మూడో పేజీలో ఆమె ఫొటోనే. పైన పెద్ద అక్షరాలు: ‘తమ్ముడి ఇంజనుతో అక్క గెలుపు’.

పేము కుర్చీ కాలు విరిగింది. అమ్మ ఇనప స్టూలు జరిపింది. తమ్ముడు పేపరు లాక్కుని చదివి, ఒంటి చేత్తోనే చొక్కా తొడుక్కుంటూ గుమ్మం దాకా వెళ్ళాడు.

"ఎక్కడికి?" అంది అమ్మ.

"పేపరాఫీసుకి. ఇప్పుడే వెళ్ళి చెప్తాను, ఎవరు చేశారో."

గుండక్క స్టూలు మీద సర్దుకుని కూర్చుని టీ ఒక గుక్క తాగింది.

"వెళ్ళు. వెళ్ళాల్సిందే. కానీ నెమ్మదిగా వెళ్ళు," అంది. "వచ్చే నెల ఇంకో రేసుంది."