మీ ఇష్టమండీ

పూళ్ళ స్టేషను దాటేసరికి దేవదానానికి సీటు దొరికింది. పోట్లాడి సంపాదించుకున్నది కాదు. "కొంచెం అటు సర్దుకుంటారాండీ" అని మెల్లగా అడిగితే ముగ్గురూ తలా కాస్త జరిగారు. తాడేపల్లిగూడెం నుంచి ఏలూరుకి ఏళ్ళ తరబడి ఇదే పాసింజర్లో తిరుగుతున్నా ఎవరితోనూ మాటా మాటా అనుకున్నది లేదు. సన్నటి మనిషి, ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు, బట్టతల మీద జాగ్రత్తగా పరుచుకున్న నాలుగు వెంట్రుకలు. గొంతు మాత్రం దేవుడు తీరిగ్గా కూర్చుని చేసినట్టుంటుంది. అతని చదువూ అదే, ఆస్తీ అదే.

తండ్రి పెంటపాడు చర్చిలో వాక్యం చదివేవాడు. ఎవరి గుమ్మంలో నిలబడినా 'అండీ' లేకుండా మాట బయటికి రాకూడదని కొడుక్కి నేర్పాడు. ఆ ఒక్క ముక్క పట్టుకుని దేవదానం చిట్‌ఫండ్ కంపెనీలో వసూళ్ళు చేశాడు, ప్రైవేటు కాలేజీలో ఫీజుల కిటికీ వెనక కూర్చున్నాడు, చివరికి ఏలూరు పవర్‌పేటలో, ఎరువుల కొట్టు పై అంతస్తులో, ఫోను గేములు తయారుచేసే కంపెనీకి ఆఫీసు మేనేజరయ్యాడు. గేమంటే ఏమిటో అతనికి ఇప్పటికీ సరిగ్గా తెలియదు. సెలవులు, కరెంటు బిల్లు, మంచినీళ్ళ క్యాన్లు, బొమ్మలేసే ఆర్టిస్టుల అలకలు, ఇవీ అతని శాఖలు.

పోయిన ఏడాది కంపెనీని బెంగళూరు వాళ్ళు కొన్నారు. గేముల్లో తప్పులు పట్టే పని ఇకమీదట కంప్యూటరే చేసుకుంటుందన్నారు. ఎవరినీ తీసెయ్యం, ఇష్టపడి వెళ్ళేవాళ్ళకి కొన్ని నెలల జీతం చేతిలో పెట్టి మర్యాదగా పంపుతాం అన్నారు. కుర్రకారు ఆ డబ్బు పుచ్చుకుని హైదరాబాదు బండెక్కేశారు. ఇంకొక్కరు తగ్గాలి. ఎవరూ ఇష్టపడకపోతే బెంగళూరు వాళ్ళే ఒక పేరు ఎంచుకుంటారు. మిగిలిన ఈ కాసిని కుర్చీలకి మళ్ళీ ఒక మేనేజరెందుకని ఎవరికైనా తోస్తుంది. ఆ సంగతి దేవదానానికి బాగా తెలుసు. ఇంట్లో భార్య సువర్ణకీ, కూతురికీ మాత్రం ఇంకా చెప్పలేదు.

ఆఫీసుకి వెళ్ళగానే అద్దాల గదిలో మీటింగు. తెర మీద బెంగళూరు నుంచి మనస్వి, ఇవతల నాగరత్నం, పక్కన దేవదానం.

నాగరత్నం కొల్లేటి గట్టు మీది ఊరి మనిషి. భర్త చేపల లారీ తోలేవాడు, నడుం పోయి మంచం పట్టాడు. జిరాక్సు షాపులో టైపు కొట్టుకునే ఆవిడని ఓపిక చూసి ఈ కంపెనీ తీసుకుంది. గేములో ఒక పడవ ఉంటుంది. దాన్ని పొద్దస్తమానం గట్లకేసి గుద్దడం ఆవిడ ఉద్యోగం. పడవ ఎక్కడ గట్టులోంచి దూరిపోతే అక్కడ తప్పున్నట్టు. నిజం పడవల మధ్య పుట్టి, బొమ్మ పడవ గుద్దుకుని బతుకుతున్నానండీ అని తనమీద తనే నవ్వుకునేది.

మనస్వి చెడ్డ పిల్ల కాదు. హైదరాబాదులో పెరిగింది, తెలుగులోనే మాట్లాడింది, డబ్బు పుచ్చుకుని వెళ్ళే సంగతి ఓపిగ్గా వివరించింది. బలవంతమేమీ లేదని పదే పదే చెప్పి, చివరికి మీ అభిప్రాయమేమిటని అడిగింది. నాగరత్నం బల్ల అంచు గోటితో గీరింది.

"మీ ఇష్టమండీ" అంది.

ఈ గోదావరి జిల్లాల్లో ఒప్పుకునేవాళ్ళు 'అలాగేనండీ' అంటారు. ఒప్పుకోలేనివాళ్ళు, ఎదుటి మనిషి మొహం మీద కాదనలేక, 'మీ ఇష్టమండీ' అంటారు, అదీ 'ఇ' దగ్గర కాస్త సాగదీసి. అప్పుడు అవతలివాళ్ళు, అబ్బే, ఇష్టం లేకపోతే వద్దులెండి అని వెనక్కి తగ్గాలి. ఇదంతా ఉగ్గుపాలతో వచ్చిన మర్యాద, ఎవరూ పుస్తకంలో చదివి నేర్చుకున్నది కాదు.

నాగరత్నం దణ్ణం పెట్టి, బయటికెళ్ళి తలుపు వేసింది. మనస్వి మొహం తేలికపడింది. "అంటే ఒప్పుకున్నట్టే కదా, దేవదానం గారూ?"

అతను అద్దాల అవతల తన బల్లకేసి నడుస్తున్న నాగరత్నం వైపు చూడలేదు. తెర మీద మూలన చిన్న గడిలో తన మొహమే కనిపిస్తుంటే దానికేసి చూశాడు.

"అవునండీ" అన్నాడు.

ఎంత మెత్తగా అన్నాడంటే, ఆ మాట తనది కాదనిపించింది.

అతనికి తెలియక కాదు. తెలియకపోతే ఆ పాపం కొంతైనా తగ్గును. ఒకప్పుడు వాళ్ళ అన్నయ్య, పొలం మొత్తం కలిపి చేపల చెరువు తవ్వించేద్దామా అని అడిగితే, ఇదే దేవదానం "నీ ఇష్టం అన్నయ్యా" అన్నాడు. అన్నయ్య మళ్ళీ అడుగుతాడని వాకిట్లో నిలబడి ఎదురుచూశాడు. అన్నయ్య అడగలేదు, చెరువు తవ్వే ప్రొక్లెయిన్ వచ్చింది. తండ్రి దున్నిన చేలో నీళ్ళు నిలబడ్డాయి. అర్థమయ్యి కూడా అర్థం కానట్టు నటించాడని అన్నయ్యని ఈనాటికీ మనసులో క్షమించలేదు. మీటింగయినప్పటినుంచీ అన్నయ్య మొహమే పదే పదే గుర్తొస్తోంది, కోపం మాత్రం రావడం లేదు.

మధ్యాహ్నం నాగరత్నం హుషారుగా ఉంది. కారియర్ విప్పి, అతని పళ్ళెంలో చేపల పులుసు వడ్డించింది. పొద్దున్న మీటింగులో, వయసుకి చిన్నదైనా పెద్ద హోదాలో ఉన్న పిల్లని కాదనడానికి మొహం చెల్లలేదని చెప్పుకొచ్చింది.

"నేనన్నది ఆవిడకి అర్థమయ్యిందంటారా అండీ?"

"అర్థమయ్యిందండీ" అన్నాడు దేవదానం. అది పూర్తిగా అబద్ధం కాదని తనకి తను చెప్పుకున్నాడు. అలా చెప్పుకున్నందుకు మరింత సిగ్గేసింది. పులుసు బావుందా అని ఆవిడ అడిగితే చాలా బావుందన్నాడు. నాలుకకి ఉప్పూ కారం ఏమీ తగల్లేదు. చేయి కడుక్కునే దగ్గర నిలబడి, ఇప్పుడే బెంగళూరు ఫోన్ చేసి పొరపాటైందని చెప్పేద్దామనుకున్నాడు. చెబితే రేపు ఆ అద్దాల గదిలో ఇవతల కుర్చీ ఎవరిదో కూడా కళ్ళకి కట్టింది. పంపు కట్టేసి వచ్చేశాడు.

సాయంత్రం మెయిలొచ్చింది. నాగరత్నం కంప్యూటరు దానంతటదే ఆగిపోయింది. ఆవిడ ఫోన్ పట్టుకుని అతని బల్ల దగ్గరికొచ్చి నిలబడింది.

"ఏవండీ, ఇందులో నేను ఇష్టపడ్డానని రాశారండీ."

"ఆ అమ్మాయికి మన మాటతీరు తెలియదండీ."

"మీకు తెలుసు కదండీ" అంది.

నిష్ఠూరంగా కూడా అనలేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగినట్టు అంది. దేవదానం బల్ల మీది ఫోన్ చేతిలోకి తీసుకున్నాడు. ఆవిడ దాని వైపే చూస్తోంది. ఒక్క నంబరు నొక్కితే చాలు.

"పోనీ, ఫోన్ చేసి చెప్పమంటారా?" అన్నాడు. వేలు కదల్లేదు. "మీ ఇష్టమండీ."

'ఇ' దగ్గర సాగింది. అతనే విన్నాడు, సాగడం.

నాగరత్నం అతని మొహంలోకి చూసింది. ఆవిడది కొల్లేరు, హైదరాబాదు కాదు. ఇంకెవరూ చెప్పక్కర్లేకుండానే అంతా అర్థమైపోయింది.

"అబ్బే, వద్దులెండి" అంది. "మీకూ ఇంట్లో ఆడపిల్ల ఉంది."

మెడలోంచి గుర్తింపు కార్డు తీసి, తాడు చుట్టి, బల్ల మీద పెట్టింది. కారియర్ సంచీలో సర్దుకుంది. కైకలూరు బస్సుకి టైమవుతోందని, వెళ్ళొస్తానండీ అని ఎప్పటిలాగే చెప్పి మెట్లు దిగింది. దేవదానం కుర్చీలోంచి లేచాడు గాని గుమ్మం దాకా వెళ్ళలేకపోయాడు.

కంపెనీ సామాను లెక్కచూసి బీరువాలో పెట్టడం అతని పనే. ఆవిడ బల్ల దగ్గరికి వెళ్ళాడు. మౌసు, కీబోర్డు తీశాడు. వాటి వెనకాల, చెవులకి పెట్టుకునే హెడ్‌ఫోన్సు ఉన్నాయి. చెవులు ఆనే చోట తోలు ఎప్పుడో పెచ్చులూడిపోతే కొత్తవి కావాలని అడగకుండా, రెండు వైపులా పాత నేత చీర ముక్కలు గుండ్రంగా కత్తిరించి, సన్నటి కుట్లతో కుట్టుకుంది.