బావ కారుకు పట్టిన మసక

మా బావ తన కారును చూసుకున్నట్టు మా అక్కను ఏనాడూ చూసుకోలేదు. ప్రతి ఆదివారం పొడిగుడ్డ పట్టుకుని మీటరు మీది ప్లాస్టిక్‌నీ, గేరు చుట్టూ ఉన్న నల్లటి పలకనీ అరగంటసేపు రుద్దుతాడు. దుమ్మును పొడిగుడ్డతో రుద్దితే గీతలు కాక ఇంకేం పడతాయి? నాలుగేళ్లకు రెండూ మసకబారి, బండి ఎంత వేగంతో పోతోందో కూడా కనబడకుండా పోయింది.

అక్కకు ఊరవతల ఆసుపత్రిలో నర్సు ఉద్యోగం వచ్చింది. సోమవారం చేరకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తారు. అటు బస్సు లేదు. అక్కకు లైసెన్సు ఉంది, ఇంట్లో కారు ఉంది. తాళం మాత్రం బావ జేబులో ఉంది.

"మీటరే కనబడని కారు నీకెలా ఇస్తాను? ముందు కొత్తదానిలా మెరవనీ, అప్పుడు చూద్దాం," అన్నాడు. అది ఈ జన్మకు మెరవదని ఆయన ధీమా.

కార్ల ప్లాస్టిక్‌కు పాలిష్ పెట్టడమే నా పని. శనివారం ఇద్దరినీ షెడ్డుకు రమ్మన్నాను.

బావ నా నెత్తిన నిలబడ్డాడు. "మెల్లగారా, మెల్లగా! ప్రాణం పెట్టి చూసుకున్న బండి!"

దుమ్ము కడిగి, సన్నరకం ఉప్పుకాగితం తడిపి ఆనించానో లేదో, పలక మూల పైకి లేచింది. విరగ్గొట్టానా, ఖర్మ! గోటితో పట్టి లాగితే పలుచటి పొర చర్రున ఊడివచ్చింది. కొన్న రోజున అంటించి ఉన్న కవరు! కింద పలక నిగనిగలాడుతోంది. మీటరు మీదా అంతే. మహానుభావుడు నాలుగేళ్లు కవరుకు సేవ చేశాడు.

అక్క పగలబడి నవ్వింది. "మెరిసిందిగా, తాళం ఇవ్వండి."

బావ తాళం జేబులోంచి తీశాడు గానీ వదల్లేదు. "ఇప్పుడెలా ఇస్తానే? కొత్తదైపోయిందిగా! గీత పడితే?"

అక్క నవ్వు ఆగిపోయింది. నాకు ఒళ్లు మండింది. నేను నోరు తెరిచేలోపే అక్క తాళం లాక్కుని, దాని మొనతో నల్లటి పలక మీద ఈ చివర నుంచి ఆ చివరకు తాపీగా ఒక గీత గీసింది.

"అయ్యయ్యో! చూస్తావేంట్రా, పాలిష్ పెట్టు!" అని బావ నా మీద అరిచాడు.

నేను పాలిష్ డబ్బా మూత బిగించేశాను.

"ఇంక గీత పడుతుందన్న బెంగ లేదుగా మీకు," అంటూ అక్క డ్రైవరు సీట్లో కూర్చుంది. "వస్తే రండి, వెనక సీటు ఖాళీగానే ఉంది."