నారింజ మూతి

బొమ్మ తుపాకీ గొట్టం మూతికి నారింజ రంగు ఉండి తీరాలని సర్కారు రూలు పెట్టింది. దూరం నుంచి చూసినా బొమ్మేనని తెలియాలి కదా మరి! బొమ్మల కార్ఖానాలో మన పెయింటరు పనల్లా రోజంతా ఆ మూతుల్ని రంగులో ముంచి ఆరబెట్టడమే. ఎంత పనితనం ఉంటే ఏం లాభం? అతని చేతిని మెచ్చుకున్న నాథుడే లేడు.

తమ్ముడికి నాటకాల పిచ్చి. "అన్నయ్యా, స్టేజీ మీద ఆ నారింజ మూతి చూసి జనం నవ్వుతున్నారు. నీ చెయ్యి పడితే ప్లాస్టిక్కు కూడా ఇనుమైపోతుంది," అంటూ మునగచెట్టు ఎక్కించాడు. ఎక్కేశాడు మహానుభావుడు! థిన్నరుతో నారింజ తుడిచేసి, నల్లరంగు కొట్టి, అరిగిన ఇనుములా కనబడాలని అంచుల్లో వెండిరంగు కూడా అద్దాడు. "నాటకం అయ్యాక తెచ్చెయ్, మళ్ళీ ముంచేస్తా," అన్నాడు. రూలు తెలియనివాడా? తెలిసే చేశాడు.

రిహార్సల్ నుంచి వస్తూ తమ్ముడు బస్టాపులో సంచి సర్దుకుంటుంటే ఆ తుపాకీ జనం కంటపడింది. ఎవరో పోలీసులకు ఫోను కొట్టారు. "కింద పడెయ్!" అని కానిస్టేబుల్ అరిస్తే, "బొమ్మండీ, చూడండి!" అంటూ ఈ వెర్రివాడు దాన్ని పైకెత్తి చూపించాడు. ఇంకేముంది, తూటా పొట్టలో దిగింది.

ఆసుపత్రి వరండాలో పెయింటరు మొక్కని దేవుడు లేడు. వాడు బతికితే చాలు, ఈ జన్మలో ఇంక బ్రష్షు ముట్టనని ఒట్టు పెట్టుకున్నాడు. చాలాసేపటికి డాక్టరమ్మ బయటికొచ్చి, "గండం గడిచింది," అంది. అతను గోడకు చేరగిలబడి భోరున ఏడ్చాడు.

కాల్చిన కానిస్టేబుల్ కూడా అక్కడే ఉన్నాడు. అంబులెన్సులో తనే ఎక్కించి తెచ్చాడు.

"రంగు మీ తమ్ముడు తనే మార్చుకున్నాడటండీ, ఇంట్లో ఎవరికీ తెలియదట. మత్తు ఇచ్చేదాకా అదే మాట," అన్నాడు. "రోజూ తుపాకీ పట్టేవాణ్ణి, నేనే మోసపోయాను. ఏం పనితనమండీ అది!"

ఇన్నేళ్ళకు పెయింటరు చెవినపడ్డ మెచ్చుకోలు అది. నోరు మూసుకుంటే ఉద్యోగం నిలుస్తుంది, కేసూ తప్పుతుంది. కేసంతా తూటా తిన్నవాడి నెత్తినే పడుతుంది.

"వాడికి కిటికీ చువ్వలకు రంగు వెయ్యడం కూడా రాదు సార్," అన్నాడు. "అది నా చేతిపని."