ఆంబ్రుష్ చెయ్యి

క్యాబిన్ అద్దాలకు పట్టిన మసిని ఆంబ్రుష్ కెలెమెన్ తడిగుడ్డతో తుడుస్తున్నాడు. ముందు ఎదుటి అద్దం, తరవాత కాళ్ళ కింది అద్దం. నేలకు నలభై అడుగుల ఎత్తున వేలాడే ఆ క్రేన్ గదిలో పన్నెండేళ్ళుగా అతనిదే కుర్చీ. యాభై రెండేళ్ళ మనిషి. పొట్టి మెడ, లావుపాటి ముంజేతులు, వేడికి ఎప్పుడూ పొట్టు లేచే బుగ్గలు. కొలిమిలోంచి కరిగిన ఉక్కును గంగాళంలోకి ఒంపుతారు. ఆ గంగాళాన్ని కొక్కేలకు తగిలించి, ఎత్తి, అచ్చుల దగ్గరికి మోసుకుపోవడం అతని పని. నూట ఇరవై టన్నుల నిప్పు. కింద మనుషులు.

కింద నిలబడి చేతులతో సైగలు చేసేవాడు విన్సె. ముప్ఫయ్యారేళ్ళవాడు, నలుగురు పిల్లల తండ్రి. ఇద్దరిదీ హంగరీలో టీసా నది ఒడ్డే. యాభై ఆరులో, బుడాపెస్టులో రష్యా ట్యాంకులు తిరిగిన చలికాలం, సరిహద్దు చిత్తడిలో మోకాళ్ళ లోతున నడిచి ఆస్ట్రియాలో తేలినవాళ్ళే ఇద్దరూ. అక్కణ్ణించి ఓడెక్కి కెనడా, ఈ హామిల్టన్ ఊరు, ఈ ఉక్కు కర్మాగారం. విన్సె నోరు ఊరుకోదు. ఆంబ్రుష్ నోరు విప్పడు. "నోటికి తాళం వేసుకుని తాళంచెవి టీసాలో పారేసొచ్చావా ఏంటన్నా?" అని విన్సె రోజుకోసారైనా అంటాడు. ఆ నది పేరు వినగానే ఆంబ్రుష్ మొహం పక్కకు తిప్పుకుంటాడు. విన్సె దాన్ని సిగ్గనుకుంటాడు.

సైగల పనితో పాటు విన్సెకు ఇంకో బాధ్యత ఉంది. రోజూ పని మొదలయ్యే ముందు క్రేన్ దూలం మీదికెక్కి, బ్రేకు పట్టీలు చూసి, బోల్టులు బిగించి, పుస్తకంలో సంతకం పెట్టాలి. పైన మనిషి నడిస్తే క్యాబిన్ సన్నగా వణుకుతుంది. ఆ సోమవారం క్యాబిన్ వణకలేదు. ముందురోజు విన్సె నాలుగో బిడ్డకు చర్చిలో పేరు పెట్టారు. హంగరీవాళ్ళ హాల్లో పొద్దుగూకేదాకా ప్లమ్ పళ్ళ సారా పారింది. పుస్తకంలో మాత్రం విన్సె సంతకం ఉంది. ఆంబ్రుష్ దాన్ని చూశాడు. అడుగుదామనుకున్నాడు. అడగడం అతనికి అలవాటు లేని పని. మెట్లెక్కి వచ్చేశాడు.

పదింటికి మూడో గంగాళం ఎత్తాడు. తగినంత ఎత్తుకు రాగానే హ్యాండిల్‌ని నడిమికి తెచ్చాడు. బరువు అక్కడే ఆగాలి. ఆగలేదు. జానెడు కిందికి దిగింది. మళ్ళీ పైకి లాగి, మళ్ళీ నడిమికి తెచ్చాడు. ఈసారి మూరెడు.

బ్రేకు పట్టడం లేదు.

ఆంబ్రుష్ హ్యాండిల్‌ని పైకి లాగే వైపు వెంట్రుకవాసి జరిపాడు. మోటారు మూలిగింది. గంగాళం నిలబడింది. చెయ్యి అక్కడే కదలకుండా ఉంటే నిలుస్తుంది, రవ్వంత సడలితే జారుతుంది. మోటారు కాలిపోతే ఇక చేతితో పనే లేదు. దించడానికి ఖాళీ దిమ్మ ఉన్నది షెడ్డు ఆ చివర, ఎనభై గజాల దూరంలో. దారి మధ్యలో గుంట. గుంటలో నలుగురు తాపీవాళ్ళు వంగి ఇటుకలు పేరుస్తున్నారు. కాలితో గంట తొక్కాడు. కొలిమి హోరులో అది వాళ్ళకు వినపడలేదు.

విన్సె తలెత్తి చూశాడు. గంగాళాన్ని చూశాడు, ఆంబ్రుష్ మొహాన్ని చూశాడు. అర్థమైంది. గుంట వైపు పరుగెత్తాడు.

ఆంబ్రుష్ ఎడమచేత్తో క్రేన్‌ని నడుపుతూ కుడిచేతిని కదలనివ్వలేదు. చెమట కళ్ళలోకి దిగుతోంది. తుడుచుకోవడానికి చెయ్యి లేదు. కుడి బొటనవేలు కింద, ఎముక దగ్గర, పాత నొప్పి లేచింది. అది పదేళ్ళ వయసు నాటి నొప్పి.

వాళ్ళ నాన్న పేతెర్ టీసా మీద బళ్ళను దాటించే పంటుకు సరంగు. వసంతంలో మంచు కరిగి నది ఒడ్డు ఒరుసుకుని పారేది. బళ్ళు ఎక్కుతున్నంతసేపూ పంటు కదలకుండా కర్రమీట పట్టుకోవడం ఆంబ్రుష్ పని. నాన్న నమ్మి ఇచ్చిన పని. ఆ రోజు ఒక రైతు బండి ఎక్కుతోంది. వెనకవైపు అతని భార్య యులిష్ బాతుల బుట్ట ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఆంబ్రుష్‌ని చూసి నవ్వింది. నది ఒక్క కుదుపు కుదిపింది. మీట బొటనవేలిని నొక్కేసింది. ప్రాణం పోయినట్టై వదిలాడు. వదిలింది ఒక్క ఊపిరిసేపే. పంటు ఒడ్డు నుంచి బారెడు జరిగింది. బండి వెనక చక్రాలు ఆ సందులోకి దిగాయి. బాతులు తేలాయి. యులిష్ తేలలేదు.

పోలీసులు వచ్చినప్పుడు నాన్న టోపీ తీసి నిలబడి, మీట దగ్గర ఉన్నది తనేనని చెప్పాడు. పంటు పోయింది. ఏడాది జైలు. తరవాత బతికినన్నాళ్ళూ ఇతరుల పొలాల్లో కూలి. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, కొడుకుతో ఆ మాటెత్తాడు. "చెయ్యి నాది. నువ్వక్కడ లేవు." ఆ రోజునుంచి ఆంబ్రుష్ తను అక్కడ లేనట్టే బతికాడు. పెళ్ళి చేసుకోలేదు. పిల్లలున్న ఇళ్ళకు పోలేదు.

గుంట మీదికి గంగాళం నీడ వచ్చేసరికి ముగ్గురు బయటపడ్డారు. నాలుగోవాణ్ణి విన్సె కాలర్ పట్టి ఈడ్చాడు. క్యాబిన్‌లో మోటారు కాలే వాసన గొంతుకు అడ్డం పడుతోంది. ఇంకో ఇరవై గజాలు. పది. గంగాళం దిమ్మ మీద కూర్చున్నప్పుడు దాని అంచు దాటి ఉక్కు ఒక్క గరిటెడు చిమ్మి, ఇసుకలో పడి, ఎర్రగా ఉండి నల్లబడింది. గ్లౌజు లోపల ఆంబ్రుష్ కుడిచేతి వేళ్ళు వాటంతట అవి విచ్చుకోలేదు. ఎడమచేత్తో ఒక్కొక్కటే ఊడదీసుకోవలసి వచ్చింది.

కడుక్కునే గదిలో విన్సె గోడకానుకుని కూర్చుని ఉన్నాడు. మొహం సున్నం కొట్టినట్టుంది. ఫోర్‌మన్ మెక్రే మధ్యాహ్నం ఇద్దరినీ రమ్మన్నాడు.

"పుస్తకంలో సంతకం ఉందన్నా," అన్నాడు విన్సె. "బ్రేకు చూశాను, బాగానే ఉందంటే కాదనేవాడెవడు? పట్టీ దానంతటదే ఊడిందంటారు. నువ్వొక్కడివే... నువ్వేం అనకపోతే చాలు. నువ్వెలాగూ మాట్లాడవు కదా."

ఆంబ్రుష్ చేతులు కడుక్కుంటున్నాడు. చాలాసేపు కడిగాడు. విన్సె అడుగుతున్నది అతనికి తెలిసిన బరువే. మెక్రే అడిగితే, విన్సె పైకెక్కడం చూశానని ఒక్కమాట అంటే చాలు. నాన్న చేసింది అదే. ప్రేమతోనే చేశాడు. ఆ ప్రేమ కింద నలభై రెండేళ్ళు నలిగాడు తను.

"ఒరే విన్సె, పొద్దున నువ్వు పైకెక్కలేదని నాకు తెలుసురా. క్యాబిన్ కదల్లేదు. తెలిసీ అడగలేదు. నీ తప్పెంతో నాదీ అంతే."

విన్సె గోడ పట్టుకుని లేచాడు.

"నాకు పదేళ్ళప్పుడు నా చేతిలో ఒకావిడ పోయింది. పంటు దగ్గర. మా నాన్న తన మీద వేసుకున్నాడు. నన్ను కాపాడాననుకుని పోయాడు పాపం. ఇన్నేళ్ళూ ఎవరితో ఏం మాట్లాడినా అదే బయటికొస్తుందేమోనని నోరు కట్టేసుకున్నాను." కుళాయి కట్టేశాడు. "నీ చెయ్యని నువ్వే చెప్పరా. నేను పక్కన నిలబడతాను."

మెక్రే గదిలో విన్సె చెప్పాడు. వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పాడు. ఆ వెంటనే ఆంబ్రుష్ తన మాట చెప్పాడు. మెక్రే పుస్తకంలోని సంతకం వంక, వాళ్ళ వంక మార్చిమార్చి చూశాడు. విన్సెకు మూడువారాలు పని లేదు, ఇకమీదట బ్రేకు తనిఖీ వేరేవాళ్ళకు. ఆంబ్రుష్‌కు హెచ్చరిక కాగితం. ఉద్యోగాలు నిలిచాయి.

సాయంత్రం బస్‌స్టాపు దాకా ఇద్దరూ కలిసి నడిచారు. ఆ రోజు మౌనం విన్సెది. ఆంబ్రుష్ మాట్లాడుతూనే ఉన్నాడు. నీళ్ళమీద చెక్కతో టపటప కొడితే టీసాలో వాలుగలు ఎలా పైకొచ్చేవో చెప్పాడు. నాన్న ఈలవేస్తే అవతలి ఒడ్డు కుక్కలు ఎలా మొరిగేవో చెప్పాడు. యులిష్ పేరు కూడా చెప్పాడు. మధ్యలో రెండుసార్లు ఆగి ఎడమ భుజం నొక్కుకున్నాడు. డాక్టరు దగ్గరికి పోదామా అని విన్సె అడిగితే, పొద్దున క్రేన్‌ని ఒంటిచేత్తో నడిపానుగా అని నవ్వేశాడు. బస్సు వచ్చేసరికి ఇంకా ఏదో చెప్పబోతున్నాడు. రేపు చెబుతానన్నాడు.

అతను అద్దెకున్న ఇంటావిడ బోరిష్కా చిక్కుడుగింజల పులుసు పొయ్యి మీద పెట్టింది. ఆంబ్రుష్ వంటింట్లోకి వచ్చి, అడక్కుండానే, చాలా బాగా వాసనొస్తోందవ్వా అన్నాడు. ఆ ఇంట్లో పదకొండేళ్ళలో అతను తనంతట తాను అన్న మొదటి మాట అదే. ముసలావిడ గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. తరవాత, పులుసులోకి సోయకూర కోసుకొస్తానని పెరట్లోకి వెళ్ళింది. గుప్పెడు కోసుకుని వచ్చేలోపల, కిటికీ పక్క కుర్చీలో, ఎండ ఇంకా మోకాళ్ళ మీద ఉండగానే, ఆంబ్రుష్ కన్నుమూశాడు. పడుకున్నాడనుకుని ఆవిడ గిన్నెలో పులుసు పోసింది, చల్లారనిచ్చింది, ఆ తరవాత పిలిచింది.

విన్సె వచ్చి అతన్ని మంచం మీదికి చేర్చాడు. కళ్ళు తుడుచుకుంటూ కిటికీ వైపు తిరిగాడు. చెమటకు తడిసిన కుడిచేతి గ్లౌజును ఆంబ్రుష్ వస్తూనే గట్టుమీద ఆరేసినట్టున్నాడు. ఎండకు అది బిర్రబిగిసి ఆరింది, నాలుగు వేళ్ళూ లోపలికి వంగి, దేన్నో ఇంకా పట్టుకునే ఉన్నట్టు.