పచ్చ లైటుకు కాపలా

ఆ ఇంట్లో మూడు వైఫై పెట్టెలున్నాయి. బిగించిపోయినతను కింద అత్తగారి గదిలోని పెద్దదాన్ని తల్లి అన్నాడు. మెట్ల మలుపులో ఒకటి, మేడగదిలో ఒకటి పిల్లలు. తల్లికి నెట్ అందకపోతే పిల్లలకు పస్తే. పొద్దుటినుంచీ పేటంతా నెట్ వస్తూ పోతూ ఉంది. కోడలి ఇంటర్వ్యూ సరిగ్గా ఈ రోజే వచ్చిపడింది.

ఏడేళ్లు ఇంట్లో ఉండిపోయి, నలభై చోట్ల కాదనిపించుకున్నాక ఆఖరి మెట్టు దాకా వచ్చిన ఉద్యోగం ఇది. పదికి మొదలు, పదిన్నరకు సరి. ఫోన్‌లో సిగ్నల్ సంగతి చెప్పుకోకపోవడమే మర్యాద.

పదింటికి అయిదు నిమిషాలుందనగా నెట్ పోయింది. ఆమె మేడమీదినుంచే కేకేసింది.

“అత్తయ్యా, తల్లి మీద లైటు ఏ రంగులో ఉంది?”

“పచ్చగా ఉందమ్మా!”

“అయితే ముట్టుకోకండి. రంగు మారితే మాత్రం స్విచ్చి ఆపి, పది లెక్కపెట్టి వేయండి.”

“అలాగే. కుర్చీ వేసుకుని ఇక్కడే కూర్చుంటా.”

పచ్చగా ఉందంటే తల్లి క్షేమం. ఇక తప్పంతా పిల్లలదే అనుకుంది కోడలు. మెట్ల మలుపులో పెట్టె ప్లగ్గు పీకి పెట్టింది, అలమారు మీదికెక్కించింది, మళ్లీ దించింది. పదీ మూడుకి నెట్ వచ్చింది. తెరమీద ముగ్గురు కనిపించారు. “మీ గురించి చెప్పండి” అన్నారు. నోరు తెరిచేలోగా ముగ్గురూ మాయం.

పదీ పదికి మళ్లీ వచ్చింది, రెండు మాటలకే పోయింది. పదీ పద్దెనిమిదికి మూడోసారి. “ఇంకొక్కసారి చూద్దాం” అని పెద్దాయన అంటుండగానే తెర బిగుసుకుపోయింది. ఆమెకు ఏడుపొచ్చింది. మేడగదిలో పెట్టెను రెండు చేతులా పట్టుకుని, “నీకు దణ్ణం పెడతానే, ఒక్క పది నిమిషాలు” అని బతిమాలింది.

“అత్తయ్యా, ఇప్పుడు ఏ రంగులో ఉంది?”

“కంగారుపడకమ్మా, మళ్లీ పచ్చలోకి తెచ్చేశాను!”

మళ్లీ తేవడమేమిటి? కోడలు రెండేసి మెట్లు దూకుతూ కిందికి పరిగెత్తింది. గుమ్మంలో అడుగుపెట్టేసరికి పెట్టె మీద లైటు పండిన నిమ్మకాయ రంగులోంచి లేత ఆకు రంగులోకి మారింది. అత్తగారి వేలు స్విచ్చి మీదే ఉంది.

“ఆగండి!”

టక్‌మంది. “ఒకటి, రెండు, మూడు...” అత్తగారు శ్రద్ధగా లెక్కపెడుతోంది.

“అది వచ్చింది అత్తయ్యా! నెట్ వచ్చింది!”

“వచ్చిందేమిటే? నిమ్మపండులా పచ్చగా ఉన్నది కాస్తా ఆకుపచ్చైపోతోందిగా. నువ్వు చెప్పినట్టే నాలుగుసార్లు ఆపి వేశాను. ఒక్కసారీ మర్చిపోలేదు.”

కోడలే స్విచ్చి వేసింది. పెట్టె తేరుకోవడానికి నాలుగు నిమిషాలు పడుతుంది. గోడ గడియారంలో పదీ ఇరవై ఎనిమిది. ఇద్దరూ పెట్టెకేసే చూస్తూ నిలబడ్డారు. పదీ ముప్పై రెండుకి లైటు ఆకుపచ్చైంది. దాంతోపాటే ఫోన్‌లోకి రెండు వాక్యాల ఉత్తరం దిగింది. మీ ఆసక్తికి ధన్యవాదాలు. వేరొకరిని ఎంచుకున్నాం.

“అయిందా తల్లీ?” అత్తగారు ఆమె తలమీద చెయ్యి వేసింది. “నీ బతుకెప్పుడూ పచ్చగా ఉండాలి.”

కోడలు ఆ కుర్చీలోనే కూలబడింది. నవ్వో ఏడుపో తెలియని గొంతుతో అడిగింది.

“ఏ పచ్చ, అత్తయ్యా?”