అవతలి ఒడ్డు రంపం

మా సరస్సుకు అవతలి ఒడ్డున హిల్కా ఇల్లు. మార్చి వచ్చిందంటే ఫిన్లాండ్‌లో చేతులున్న ప్రతివాడూ వచ్చే చలికాలానికి కట్టెలు కోసుకుంటాడు. హిల్కా కూడా కోసేది, చనిపోయిన మొగుడు ఎయినో వదిలి వెళ్ళిన పెద్ద మోటారు రంపంతో. అది అడవులు కొట్టేవాళ్ళు వాడే రకం. మోగిందంటే మంచు మీదుగా నా వరండా దాకా వినపడేది. ఆ మోత వింటే ఆమె లేచింది, తిన్నది, బాగానే ఉంది అని నాకు తెలిసేది. ఫోన్ లేక కాదు. పని లేకుండా ఫోన్ చేయడం మావాళ్ళ ఇంటావంటా లేదు.

ఏప్రిల్‌లో మరీ అవసరం ఆ మోత. అప్పుడు సరస్సు మీద మంచు మెత్తబడుతుంది. నడిస్తే మునుగుతాం, పడవ వేస్తే కదలదు. చుట్టుతిరిగి వెళ్ళే దారి మోకాలిలోతు బురద. ఆ వారాల్లో ఆమె వైపు నుంచి నా దగ్గరికి రాగలిగింది ఆ చప్పుడొక్కటే. వయసులో ఉన్నప్పుడు డాన్సుకు ఆమెను పిలుద్దామని నేను ధైర్యం కూడగట్టుకునేలోగా ఎయినో పిలిచేశాడు. నేను మళ్ళీ ఎవరినీ పిలవలేదు. ఈ వయసులో ఒక రంపం కోసం చెవులు రిక్కించుకుని కూర్చునే ముసలాణ్ణి చూస్తే నాకే నవ్వొస్తుంది. అయినా కూర్చుంటాను.

ఈ ఏడు మంచు ఇంకా గట్టిగా ఉండగానే, కాలితో తోసుకునే మంచుబండి మీద హిల్కా వచ్చింది. బూట్లు విప్పి, నా బల్ల దగ్గర కూర్చుంది. కాఫీ పోసి, యాలకుల బన్ను కంచంలో పెట్టి ముందుంచాను.

"తైస్తో, రేపు టౌనుకి పోతున్నా. కొత్త రంపం కొనాలి. ఏ సైజుది కొనమంటావ్?"

"ఎయినోదానికి ఏమొచ్చింది?"

"దానికేం, గుండ్రాయిలా ఉంది. నాకే వచ్చింది. ఎత్తితే భుజం ఊడొస్తోంది."

"కోసేదేంటి?"

"ఎప్పటిలా బిర్చి దుంగలే. ఎంత లావైనా ఈ కంచాన్ని మించవు."

జవాబు నా నాలుక చివరే ఉంది. దుంగ కంటే బ్లేడు బెత్తెడు పొడుగుంటే చాలు. ఏడాదికి నాలుగు వారాల ఇంటి పనికి మూరకు తక్కువ బ్లేడు, తేలికపాటి బ్యాటరీ రంపం సరిపోతుంది. పెద్దది కొంటే చేతులకు బరువు తప్ప ఒరిగేదేమీ లేదు. కానీ బ్యాటరీ రంపం చప్పుడు పెరటి కంచె కూడా దాటదు.

"పెట్రోలుదే తీసుకో. కాస్త పెద్దదైతే ఎప్పటికైనా పనికొస్తుంది," అన్నాను.

"ఎప్పటికైనా అంటే? డెబ్బై దాటాక అడవి కాంట్రాక్టు పట్టమంటావా?"

నవ్వుతూ కప్పు ఎత్తబోయింది. కుడి చెయ్యి సగంలో ఆగిపోయింది. ఏమీ జరగనట్టు ఎడమ చేతిలోకి మార్చుకుంది. నాకు తల కొట్టేసినట్టయింది.

"ఊరికే అన్నాలే. బ్యాటరీది కొనుక్కో, చిన్న బ్లేడుది. తాడు లాగే పని కూడా లేదు, మీట నొక్కితే చాలు."

"మోత ఉండదుగా?"

"పక్కన పడుకున్న పిల్లి కూడా లేవదు."

"అయితే అదే కావాలి," అంది. ఎంత సంబరంగా అందో! నా గుండెలో ముల్లు దిగినట్టయింది.

ఏప్రిల్ వచ్చింది. మంచు మెత్తబడి నల్లబడింది. పొద్దున్నే వరండాలో కూర్చుంటే చూరు నుంచి నీళ్ళు కారే చప్పుడు, కొంగల అరుపులు. అంతే. నా రంపం మోతలో ఆమెది ఏ కాస్తో వినపడేది కూడా పోతుందేమోనని, నాది బయటికి తీయడమే మానేశాను. ఒకటి రెండుసార్లు ఫోన్ చేతిలోకి తీసుకున్నాను. ఏమని అడగను? బతికే ఉన్నావా అని అడుగుతారా ఎవరైనా? పెట్టేశాను. ఆమె మీద బెంగ నన్ను తినేస్తోంది, ఆ సంగతి చెప్పుకోవడానికి మనిషి లేడు.

మంచు కరిగిన మర్నాడే పడవ కనపడింది. హిల్కాయే. ఎడమ చేత్తో ఎక్కువగా తోస్తోందేమో, పడవ వంకరటింకరగా వచ్చింది. దిగి, నా పెరట్లో పడున్న దుంగలు చూసి నడుం మీద చెయ్యి వేసుకుంది.

"బతికే ఉన్నావా! మరి ఇవేంటి ఇట్లా పడేశావ్? ఒక్కటి కొయ్యలేదే!"

"నీ చప్పుడు వినపడుతుందేమోనని నాది ఆపుకుని కూచున్నా."

ఆమె దుంగ మీద కూలబడింది.

"ఎయినో ఉన్నప్పుడు వంటింటి కిటికీ తీసి నీ రంపం వింటూ కాఫీ కాచేదాన్ని," అంది. "ఆయన పోయాక ఆ మాయదారి మిషను నా చేతికొచ్చింది. చెవులకి డొప్పలు, తీసినా రోజంతా గుయ్యిమని మోత. నీది వినపడ్డమే పోయింది. ఈ ఏడైనా విందామని కదయ్యా, చప్పుడు లేనిది కొన్నది! రోజూ కిటికీ తీసి చూశా, ఏ మోతా వినపడక నీకేదో అయిందనుకున్నా."

నేను లేచి రంపం తెచ్చాను. తాడు పట్టుకున్నాను.

"ఇప్పుడు కాదు," అంది హిల్కా. "నేను ఇంటికెళ్ళి కిటికీ తీశాక."

ఉండిపో అనాలని నోటిదాకా వచ్చింది. ఈసారీ ఆ మాట నోట్లోనే ఉండిపోయింది. పడవ అవతలి ఒడ్డు చేరేదాకా, ఆ మనిషి ఇంట్లోకి వెళ్ళేదాకా, రంపం తాడు పట్టుకుని నిలబడ్డాను.

ఆ రోజు పెట్రోలు అయిపోయేదాకా కోశాను.